వాడినవి, వాడనివి

ముందుగా, నా రాతలో తప్పులుంటే మన్నించండి. నలభై నాలుగేళ్ళు వచ్చాక అక్షరాలు పట్టుకున్నదాన్ని. ఒక పేజీ నిండేసరికి పొయ్యి మీద నీళ్ళు మరిగి, చల్లారి, మళ్ళీ మరుగుతాయి. ఒత్తులు నన్ను ఇప్పటికీ ఏడిపిస్తాయి. గుడి మాత్రం తప్పు పెట్టను. అక్షరం నెత్తిన చిన్నగా గుండ్రంగా పెట్టి 'ఇ' అని పలికిస్తామే, ఆ గుర్తు. అది సరైన అక్షరం మీదే కూర్చుందా లేదా అని ప్రతి మాటకీ రెండుసార్లు చూసుకుంటాను. ఎందుకంత భయమో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

పోయిన నెల మా ఆసుపత్రి లాండ్రీకి కొత్తగా వచ్చిన ఆఫీసరమ్మ రిటైరైనవాళ్ళని కూడా పిలిచి మీటింగు పెట్టింది. చక్కని మనిషి. తోటి పనివాళ్ళతో మంచి అనుబంధం ఎలా పెంచుకోవాలో తలా రెండు పేజీలు రాసివ్వండి, కొత్తవాళ్ళకి పనికొస్తుంది అంది. నా వైపు తిరిగి, "మీరు తప్పకుండా రాయాలమ్మా. చీటీల బల్ల దగ్గర పదమూడేళ్ళు కూర్చున్నారట కదా," అంది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను చెప్పుల్లో కాళ్ళు సర్దుకుంటూ కూర్చున్నాను.

అమ్మా, నాకు తెలిసిన అనుబంధం ఒక్కటే. అది ఒక్క ఎండాకాలం నడిచింది. ఇరవై రెండేళ్ళ కిందట.

అప్పట్లో లాండ్రీ రెండు వైపులు. తడి వైపు మిషన్లు, తొట్లు, నీళ్ళు. పొడి వైపు ఇస్త్రీ, మడతలు, అరలు. మధ్యలో అద్దం తలుపు. ఆవిరి పట్టి ఎప్పుడూ పాలు పోసినట్టుండేది. నేను పొడి వైపు, మడత బల్ల దగ్గర. దుప్పటి మడత పెట్టడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి చెరో రెండు కొసలు పట్టుకుంటారు. ఒకసారి దులుపుతారు. ఒకళ్ళ వైపు ఒకళ్ళు నడుస్తారు. చేతులు కలుస్తాయి. నా కొసలు నీకిచ్చి నేను వంగి మడత అందుకుంటాను. మళ్ళీ వెనక్కి, మళ్ళీ ముందుకి. రోజుకి మూడొందల దుప్పట్లు. కట్టుకున్నవాడి ముఖం కూడా అంతసార్లు అంత దగ్గరగా చూసి ఉండను, ఆయన బతికున్న రోజుల్లో.

నాకు ఎదురుగా నిలబడేది దిద్దులక్క. చెవులకి దిద్దులుండేవి కావు. ఎవరేం రాసినా దిద్దుతుంది కాబట్టి ఆ పేరు. ఇస్త్రీ బాబాయి పెట్టాడు. చెవి వెనక ఎప్పుడూ ఒక మొద్దు పెన్సిలు. గోడ మీద నోటీసు అంటించి ఆఫీసువాళ్ళు వెనక్కి తిరగకముందే అందులో దీర్ఘం తప్పిందని గీత పెట్టేసేది. నా పేరు వేలిముద్రమ్మ. అదీ ఆయన పెట్టిందే. నెలకోసారి రిజిస్టరులో బొటనవేలు అద్ది వచ్చేదాన్ని కదా. "ఈ లాండ్రీలో రక్తపు మరక పోతుంది, మందు మరక పోతుంది, నీ వేలి మరక ఒక్కటి పోదే అమ్మాయ్," అనేవాడు. అందరితో పాటు నేనూ నవ్వేదాన్ని. నవ్వాక ఆ వేలు పిడికిట్లో దాచుకునేదాన్ని.

ఆ ఎండాకాలం మొదట్లో మా అమ్మాయి బడి నుంచి ఒక కాగితం తెచ్చింది. పదో తరగతిలోకి వెళ్ళబోతోంది. సెలవులయ్యాక తల్లిదండ్రుల సంతకంతో ఇవ్వాలట. కాగితం నా ముందు పెట్టి, తనే సిరా డబ్బా తెచ్చి, "తర్వాత వేద్దువులే అమ్మా," అని మళ్ళీ తీసుకెళ్ళి పెట్టెలో పెట్టేసింది. అంతకు ముందు ఏడాది తను నాకు అక్షరాలు నేర్పబోయింది. నాలుగు రోజులకి విసుగొచ్చి, "నీకు ఎక్కదులే," అంది. మాట పట్టించుకోలేదు అనుకున్నాను గానీ ఆ కాగితం చూశాక అదే మాట చెవిలో తిరిగింది.

మర్నాడు దుప్పటి మడతలో దగ్గరికి వచ్చినప్పుడు అడిగాను. "అక్కా, నా పేరు రాయడం ఎన్నాళ్ళలో వస్తుంది?"

ఆమె వెనక్కి నడిచింది. దులిపింది. మళ్ళీ ముందుకి వచ్చినప్పుడు చెప్పింది. "పేరొక్కటే ఎందుకు? అంతా నేర్పుతా. దుప్పటికో అక్షరం."

"ఎవరికీ తెలియకూడదు. బాబాయికి తెలిస్తే వారం రోజులు నా మీద పాటలు కడతాడు. మా పిల్లకి అసలే తెలియకూడదు. బడి తెరిచిన రోజు దాని ముందు సంతకం పెట్టాలి."

"సరే. నాదీ ఒకటుంది, నువ్వు దాచాలి," అంది. ఆమె కుడి భుజం పాడైపోయింది. ఏళ్ళ తరబడి దులిపి దులిపి. చెయ్యి తల పైకి లేవడం లేదు. ఎండాకాలం అయ్యేసరికి లాండ్రీలో చీటీలు రాయడానికే ప్రత్యేకంగా ఒక బల్ల, కుర్చీ, రిజిస్టరు పెడతారని అప్పటికే అనుకుంటున్నారు. పొడి వైపు చీటీలు రాసేది ఎప్పుడూ అక్కే కాబట్టి ఆ కుర్చీ ఆమెదేనని అందరికీ తెలుసు. ఈలోగా భుజం సంగతి మేస్త్రీకి తెలిస్తే పనికిరాదని పంపేస్తారు. "మూడు నెలలు లాగితే చాలు. తర్వాత కూర్చుని రాసుకోవడమే," అంది. అందుకని నేను దుప్పటి రెండింతలు గట్టిగా దులిపేదాన్ని, ఆమె ఊరికే పట్టుకునేది. ఎవరూ పసిగట్టలేదు.

అలా మొదలైంది. దగ్గరికి వచ్చినప్పుడు 'అ'. వెనక్కి నడుస్తూ నేను పెదవుల్లో అనుకోవాలి. మళ్ళీ కలిసినప్పుడు 'ఆ'. డబ్బా విప్పి అన్నం తినే వేళ ఆవిరి పట్టిన అద్దం తలుపు మీద వేలితో రాసి చూపించేది. రాసింది రాసినట్టు కరిగి కిందికి కారిపోయేది. "చూడు, 'క' ఏడుస్తోంది," అనేది. ఏ వేలితో ముద్ర వేసేదాన్నో ఆ వేలితోనే నా చేత రాయించేది. ఇంటికి ఒక పాత నోటుబుక్కు ఇచ్చింది. అందులో రాసి తెస్తే మొద్దు పెన్సిలుతో దిద్ది ఇచ్చేది. దిద్దేటప్పుడు తిట్టేది కూడా.

"ఇదేంటి, 'మ' కి తోక ఇంత పెట్టావు? కోతి అనుకున్నావా?"

"మొదటిసారి కదక్కా."

"నాలుగోసారి. నేను లెక్కపెట్టుకుంటున్నా."

ఇస్త్రీ బాబాయి పెట్టె మీద నీళ్ళు చిలకరిస్తూ, "ఆ ఇద్దరూ రోజంతా ఏం గుసగుసలాడుకుంటారో! ఏ వార్డు డాక్టరు గురించో ఏమో," అనేవాడు.

"నీ గురించే బాబాయ్. నీకు రెండో పెళ్ళి కుదురుస్తున్నాం," అనేది అక్క.

"మొదటిదే ఇస్త్రీ చేయలేకపోతున్నా తల్లీ."

మా ఇంటికి ఆదివారం పూట ఒకసారి అక్క వచ్చింది. మా అమ్మాయి ఆమెని పెద్దమ్మా అని పిలిచేది. తన పుస్తకాలన్నీ తెచ్చి చూపించింది. ఇద్దరూ ఏదో పద్యంలో ఒక మాట గురించి గంటసేపు వాదించుకున్నారు. నేను గుమ్మంలో కూర్చుని విన్నాను. ఆ మాటలో మూడక్షరాలు నాకు వచ్చినవే. చెప్పాలని నాలుక దురదపెట్టింది. అక్క నా వైపు చూసి కళ్ళతోనే 'ఆగు' అంది.

రెండు నెలలకి గుణింతాలు అయ్యాయి. పేరు రాయడం వచ్చింది. కనపడిన ప్రతిదీ చదవడం మొదలుపెట్టాను. సబ్బు పెట్టె, బస్సు నంబరు పలక, మందు సీసా. లోకమంతా ఇన్నాళ్ళూ నాతో మాట్లాడుతూనే ఉంది, నాకే వినపడలేదు అనిపించేది.

ఇప్పుడు చీటీల సంగతి చెప్పాలి. వార్డుల నుంచి మూటలు రెండు రకాలుగా వచ్చేవి. రోగులు కప్పుకున్నవి కొన్ని. ఉతకాలి. పరిచి, మంచం ఖాళీగానే ఉండి, కప్పుకోకుండా తిరిగొచ్చినవి కొన్ని. వాటిని మడత సరిచేసి అరలో పెడితే చాలు. షిఫ్టు మారే వేళకి మిగిలిన మూటలకి అట్టముక్క మీద రాసి తాడుతో కట్టాలి. ఉతకాల్సినవాటికి 'వాడినవి'. మడత పెట్టాల్సినవాటికి 'వాడనివి'. తర్వాత వచ్చేవాళ్ళు చీటీ చూసి ఇటో అటో వేసుకుంటారు. ఎవరు పెట్టారో ఈ రెండు మాటలు! అక్షరాలు అవే నాలుగు. గుడి ఒక్కటే స్థలం మారుతుంది. 'డ' మీద ఉంటే ఒకటి, 'న' మీద ఉంటే ఇంకొకటి.

ఒకరోజు మధ్యాహ్నం అక్క భుజం పట్టేసింది. డబ్బా మూత తీయలేకపోయింది. ఆసుపత్రి వెనక గదిలో నొప్పులకి కాపడం పెడతారు. పైవాళ్ళకి చెప్పకుండా అరగంట వెళ్ళొస్తే సర్దుకుంటుంది. కానీ షిఫ్టు అయిపోవస్తోంది, చీటీలు కట్టాలి.

"వెళ్ళక్కా. నేను రాస్తాను," అన్నాను.

ఆమె నన్ను ఒక్క క్షణం చూసింది. చెవి వెనక పెన్సిలు ఎడమచేత్తో తీసి నా చేతిలో పెట్టింది. "రాయి. ఈ పూటకి నువ్వే నేను," అంది.

ఆ పెన్సిలు బరువు ఇప్పటికీ నా వేళ్ళకి గుర్తుంది. అట్టముక్కలు ముందేసుకుని, ఎవరికీ కనపడకుండా అరల చాటున కూర్చుని నాలుగు చీటీలు రాశాను. చెమటకి అట్ట తడిసింది. రాసిన ప్రతి చీటీనీ దూరంగా పట్టుకుని చూసి మురిసిపోయాను. చర్మవ్యాధుల వార్డు దుప్పట్ల మూట పెద్దది. దాని చీటీ మిగతావాటికంటే పెద్దక్షరాలతో రాశాను, అందంగా ఉండాలని.

మర్నాడు పొద్దున్నే పదింటికి ప్రసవాల వార్డు నర్సమ్మ వచ్చింది. చేతిలో మడత పెట్టిన దుప్పటి. మేస్త్రీ ముందు బల్ల మీద పెట్టి విప్పింది. గుప్పున మందు వాసన. మడతలోంచి ఒక పొడుగాటి తెల్ల వెంట్రుక తీసి పైకి పట్టుకుంది.

"మా వార్డులో అందరికంటే పెద్దామెకి ముప్పయ్యేళ్ళు. ఇదెవరి జుట్టండీ?"

ఇస్త్రీ బాబాయి ఏదో హాస్యం ఆడబోయి నర్సమ్మ ముఖం చూసి ఆగిపోయాడు.

"పుట్టి రెండ్రోజులు కాని పిల్లలకి కప్పామండీ వీటిని. చర్మవ్యాధుల వార్డువి," అంది ఆమె. అది కోపమో ఏడుపో తెలియలేదు.

అరవై దుప్పట్లు వెనక్కి తెప్పించారు. ఇద్దరు పసివాళ్ళని వేరే గదిలో పెట్టి నాలుగు రోజులు చూశారు. ఏమీ కాలేదు. కాలేదు కాబట్టి ఇది రాయగలుగుతున్నాను.

నర్సమ్మ వెళ్ళాక మేస్త్రీ మూటల దగ్గరికి వెళ్ళి ఆ చీటీ వెతికి తెచ్చాడు. మడత బల్ల మీద, నాకూ అక్కకీ మధ్యలో పెట్టాడు. మేమిద్దరం అప్పుడొక దుప్పటి కొసలు పట్టుకునే ఉన్నాం.

పెద్దక్షరాలు. అందంగా. వాడనివి.

'డ' మీద ఉండాల్సిన గుడి 'న' మీద ఉంది. నాకు చదవడం వచ్చు కాబట్టి కనపడింది. రాకపోయి ఉంటే ఎంత బావుండేది అనుకున్నాను.

"ఎవరి రాత ఇది?" అన్నాడు మేస్త్రీ.

ఆయన చెడ్డవాడు కాదు. అరవలేదు. అక్క నోరు విప్పకముందే నేను మాట్లాడాను. ఎవరూ నన్ను అడగను కూడా లేదు.

"నాకు రాయడం రాదు కదండీ," అన్నాను.

నా బతుకంతా అన్న మాటే అది. రేషను దుకాణంలో, బ్యాంకులో, పిల్ల బడిలో, ఎక్కడపడితే అక్కడ తల వంచుకుని అన్న మాట. అప్పుడు నిజం. ఆ రోజు మాత్రం ఎంత తేలిగ్గా వచ్చిందో! బొటనవేలు కూడా కొద్దిగా పైకెత్తి చూపించాను.

ఇస్త్రీ బాబాయి నవ్వాడు. "బావుంది, మన వేలిముద్రమ్మని అడుగుతున్నారా? అది రాస్తే ముద్ర ఉంటుంది గానీ అక్షరం ఉండదండీ." మిగతావాళ్ళూ నవ్వారు. నేనూ నవ్వాను.

అక్క నవ్వలేదు. దుప్పటి కొసలు వదిలి చీటీ చేతిలోకి తీసుకుంది. చాలాసేపు చూసింది. అలవాటుగా చెయ్యి చెవి వెనక్కి వెళ్ళింది, దిద్దడానికి. పెన్సిలు లేదు. అది నా బొడ్లో ఉంది.

"రాత నాదే," అంది.

మేస్త్రీ నమ్మలేదు. "నీ రాత నాకు తెలియదా? ముత్యాల్లా ఉంటుంది. ఇది చూడు, వంకరటింకరగా."

"చెయ్యి నొప్పిగా ఉండిందండీ."

"ఏ చెయ్యి?"

ఆమె కుడిచెయ్యి ముందుకి పెట్టింది.

"పైకెత్తు," అన్నాడు.

ఎత్తింది. భుజం దాకా వచ్చి ఆగిపోయింది.

ఆమె నా సంగతి దాచడానికి తన సంగతి బయటపెట్టింది. అంతే జరిగింది. అక్కడ ఉన్న పదిమందిలో అది తెలిసింది మా ఇద్దరికే. నేను దుప్పటి నా వైపు కొసలు పట్టుకునే నిలబడ్డాను. అవతలి కొసలు నేల మీద ఉన్నాయి. ఉతికిన దుప్పటి నేలకి తగులుతోందే అని మాత్రం అనుకున్నాను. నిజంగా అదే అనుకున్నాను.

మేస్త్రీ భుజం సంగతి పైకి రాయలేదు, చీటీ తప్పొక్కటే రాశాడు. పైనుంచి కాగితం వచ్చింది. చీటీలున్న చోట ఆమె పనిచేయకూడదు. అంటే తడి వైపే. మేస్త్రీ కాగితం చదివి వినిపించి, "కొన్నాళ్ళేలే. నేను మాట్లాడతాను," అన్నాడు. మాట్లాడాడో లేదో తెలియదు. కుర్చీ మాట ఆ తర్వాత చాన్నాళ్ళు ఎవరూ ఎత్తలేదు.

తడి దుప్పటి బరువు పట్టినవాళ్ళకే తెలుస్తుంది. మిషన్లోంచి లాగితే నీళ్ళతో సహా మనిషంత బరువు వస్తుంది. అక్క ఎడమచేత్తో లాగి, పంటితో కొస పట్టుకుని బండిలోకి దొర్లించేది. అద్దం తలుపు ఆవిరిలో ఆమె నీడలాగా కనపడేది. డబ్బా వేళ ఆ అద్దం మీద ఎవరూ ఏమీ రాయడం లేదు. నాకు ఎదురుగా ఇప్పుడు ఇస్త్రీ బాబాయి నిలబడేవాడు, ఇంకొకళ్ళని వేసేదాకా. దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆయన చేతులు కాలుతున్నట్టుండేవి.

"దిద్దులక్క అలాంటి తప్పు చేసిందంటే నాకింకా మింగుడు పడటం లేదే," అనేవాడు. "నీకేమైనా చెప్పిందా?"

"లేదు బాబాయ్."

వెనక్కి. దులుపు. ముందుకి.

కుళాయి దగ్గర ఒకసారి ఎదురుపడ్డాం. తప్పించుకుందామంటే దారి లేదు. చీవాట్లు పెడుతుందనుకున్నాను. పెట్టి ఉంటే నాకు ప్రాణం లేచొచ్చేది. ఆమె ఎడమచేత్తో ముఖం కడుక్కుని, "ఒత్తులు మొదలుపెట్టావా? ఆపేయకు. ఇప్పుడాపితే అన్నీ మర్చిపోతావు," అంది. నేను బొడ్లోంచి పెన్సిలు తీసి ఇవ్వబోయాను. "ఉంచుకో. నాకిక్కడ తడిసిపోతుంది," అంది.

బడి తెరిచారు. మా అమ్మాయి ఆ కాగితం, సిరా డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. ఈ రోజు కోసమే ఆ ఎండాకాలమంతా. పేరు రాయడం అప్పటికి కళ్ళు మూసుకున్నా వచ్చేది. కానీ ఆ కాగితం బడికి వెళుతుంది, మేస్త్రీ కూతురూ ఆ బడిలోనే. ఎవరి నోటన్నా లాండ్రీకి చేరితే? వేలు సిరాలో ముంచి అద్దేశాను.

మా అమ్మాయి కాగితం తీసుకోలేదు. లోపలికి వెళ్ళి నా చీరల కిందనుంచి నోటుబుక్కు తెచ్చి పక్కన పెట్టింది.

"ఎప్పుడు పెడతావా సంతకం అని చూస్తున్నానమ్మా. నెల రోజులైంది ఇది దొరికి. ఇందులో పెద్దమ్మ దిద్దిన గీతలు నేను పోల్చుకోలేననుకున్నావా? నన్ను ఆశ్చర్యపరుస్తావు కదా అని చూడనట్టే ఉన్నా." అప్పటికి దాని ముఖంలో కోపం లేదు. "వేలెందుకు వేశావు?"

అబద్ధం చెప్పి ఉండొచ్చు. అలసిపోయాను. చెప్పేశాను. మూట, చీటీ, గుడి, 'నాకు రాయడం రాదు కదండీ' అన్నది, అన్నీ. నా పిల్ల ముఖం చూస్తుండగానే పెద్దదైపోయింది.

"పెద్దమ్మని బాగా వాడుకున్నావమ్మా," అంది.

ఆ మాట దాని నోట ఎలా వచ్చిందో, అందులో ఉన్న చీటీ మాట దానికి తెలిసి అందో తెలియక అందో ఇప్పటికీ నేనడగలేదు.

రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున నోటుబుక్కులోంచి ఒక కాగితం చింపి నా ముందు పెట్టింది. నేను రాశాను. రెండే మాటలు. 'ఆ చిటి రాసింది నేను. దిద్దులక్క కాదు.' కింద సంతకం. నా బతుకులో మొదటి సంతకం.

ఆ సాయంత్రం పని దిగి అక్క ఇంటికి వెళ్ళాను. తమ్ముడింట్లో ముందు గది ఆమెది. కుర్చీలో కూర్చుని భుజానికి వేడినీళ్ళ గుడ్డ పెట్టుకుంటోంది. నేను లోపలికి వెళ్ళలేదు. గుమ్మంలోంచే కాగితం చాచాను. తీసుకుంది. చదివింది. చదువుతుంటే పెదవులు కదిలాయి, నేను చదివితే కదిలినట్టు.

"పెన్సిలుందా?" అంది.

ఇచ్చాను. ఎడమచేత్తో కష్టపడి రెండు చోట్ల గీత పెట్టింది. "చిటి కాదు, చీటీ. రెంటికీ గుడిదీర్ఘం." కాగితం తిరిగి ఇచ్చింది. "ఇప్పుడు బావుంది. మేస్త్రీకిస్తావా?"

"రేపు ఇస్తానక్కా."

"సరే," అంది. వేడినీళ్ళ గుడ్డ మళ్ళీ భుజం మీద వేసుకుంటూ, "సంతకం చక్కగా పెట్టావు. 'మ' కి తోక తగ్గింది," అంది.

మర్నాడు కాగితం బొడ్లో పెట్టుకునే వెళ్ళాను. మేస్త్రీ ముందు రెండుసార్లు నిలబడ్డాను. మొదటిసారి ఆయన ఏదో రాసుకుంటున్నాడు. రెండోసారి తలెత్తి, "ఏమ్మా?" అన్నాడు. "సబ్బు అయిపోయిందండీ," అన్నాను. ఆ మర్నాడు ఇద్దామనుకున్నాను. ఆ మర్నాడు వాన మొదలైంది. ఆ వారంలోనే అక్క చెయ్యి అసలు లేవలేదు, తడి వైపు వదిలేసి వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు పొడి వైపు వచ్చి అందరికీ చెప్పింది. నా దగ్గరికి వచ్చినప్పుడు నా చేతిలో దుప్పటి ఉంది. అలవాటుగా అవతలి కొసలు ఎడమచేత్తో అందుకుని, నా వైపు రెండడుగులు నడిచి, నా చేతుల్లో పెట్టి వెళ్ళింది.

తర్వాతిది ఇంకా సిగ్గుచేటు. రెండేళ్ళకి ఆసుపత్రిలో పెద్దవాళ్ళకి చదువు చెప్పే తరగతి పెట్టారు. నేను చేరాను. ముందు వరసలో కూర్చుని, ఏమీ రానట్టు, 'అ' దగ్గర నుంచి దిద్దాను. కావాలని తప్పులు రాశాను. అయినా మాస్టారు అందరి ముందు నన్ను నిలబెట్టి ఇంత తొందరగా నేర్చుకున్నవాళ్ళని నేను చూడలేదన్నాడు. ఇస్త్రీ బాబాయి గట్టిగా చప్పట్లు కొట్టాడు. ఆ మరుసటి ఏడు చీటీల బల్ల పెట్టి, ఆ కుర్చీ నాకిచ్చారు. కూర్చున్న మొదటి రోజు పాత రిజిస్టరు తెరిచాను. ఆఫీసులో నేను మొదటగా తడుముకోకుండా పూర్తిగా చదివిన వాక్యం అందులోదే. అక్క పేరు, పక్కన ఎర్ర సిరాతో: 'చీటీ రాయడంలో నిర్లక్ష్యం.' పదమూడేళ్ళు ఆ రిజిస్టరు నా మోచేతి కింద ఉంది.

మా అమ్మాయి ఆ కాగితం గురించి ఒక్కసారే అడిగింది. "ఇచ్చావా?" నేను తల దించుకున్నాను. ఆ తర్వాత ఏ కాగితం సంతకానికి నా దగ్గరికి తేలేదు. ప్రతి ఆదివారం బయటికి వెళ్ళేది. ఎక్కడికని నేనడగలేదు, తనూ చెప్పలేదు. తిరిగొచ్చాక దాని చేతులకి నొప్పుల తైలం వాసన వచ్చేది. పెళ్ళయ్యాక కూడా మానలేదు. ఇప్పటికీ మానలేదు.

అక్క ఉంది. ఆ ముందు గదిలోనే. ఎప్పుడైనా దారిలో ఎదురైతే, "ఏం చదువుతున్నావు?" అని అడుగుతుంది. ఇన్నేళ్ళలో ప్రతిసారీ అదే అడిగింది. 'ఇచ్చావా?' అని మాత్రం ఒక్కసారీ అడగలేదు. ఇవ్వలేదని ఆమెకి తెలుసు.

ఆఫీసరమ్మా, అనుబంధం ఎలా పెంచుకోవాలో మీరడిగారు. దిద్దులక్క నాతో పెంచుకున్నట్టు అని రాస్తే ఒక్క వాక్యంలో అయిపోయేది. రెండోవైపు పట్టుకున్నదాన్ని నేను కాబట్టి ఇంత రాయాల్సి వచ్చింది. దీనితో పాటు ఆ కాగితం కూడా గుచ్చి ఇస్తున్నాను. మడతల దగ్గర చిరిగింది, జాగ్రత్తగా విప్పండి. ఆమె దిద్దిన రెండు దీర్ఘాలు ఇంకా కనపడుతున్నాయి. పాత రిజిస్టరు ఇనప బీరువాలో కింది అరలో ఉంటుంది. ఎర్ర సిరాతో ఉన్న ఆ వాక్యం అక్క పేరు పక్కన కొట్టేసి, నా పేరు పక్కన రాయించండి. కొత్తవాళ్ళకి చదివి వినిపించాలనుకుంటే వినిపించండి.

ఈ ఆదివారం మా అమ్మాయితో నేనూ వెళుతున్నాను. తనకింకా చెప్పలేదు. చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడతాను, తీసుకెళితే తీసుకెళుతుంది.

ఇట్లు,
వేలిముద్రమ్మ, అరవై ఆరేళ్ళు,
లాండ్రీ వెనక వీధిలో, కూతురింట్లో.

రాత నాదే.